మేకుల డబ్బా

ఎవరైనా నాకు మంచి చేస్తానంటే ముందు వాళ్ల చేతుల్లోకి చూస్తాను. కెమెరా ఉందా, ఫోన్ ఉందా అని. ఈ గుణం నాకు పుట్టుకతో రాలేదు, నేర్పించారు. పోలియోతో రెండు కాళ్లూ చచ్చుపడ్డాక నాకు వచ్చిన మూడు చక్రాల బండ్లన్నీ ఫొటోలతోనే వచ్చాయి. ఒకసారైతే నన్ను బండెక్కించి, మెడలో దండ వేసి, ఫొటో తీసి, కిందికి దించి, అదే బండి మీద పక్కూరి పిల్లను కూర్చోబెట్టి, నా మెడలోని దండే తీసి ఆ పిల్లకు వేసి మళ్లీ ఫొటో తీశారు. ఆ బండి చివరికి ఎవరింటికి పోయిందో ఇప్పటికీ తెలియదు.

అందుకే ఖమ్మం నుంచి ఆ సారు మా ఇంటికి వచ్చినప్పుడు కూర్చోండి అని కూడా అనలేదు. వికలాంగులు సొంతంగా చిన్న వ్యాపారాలు పెట్టుకోవడానికి సాయపడే ఏదో సంస్థలో ఆయన పని. బక్కపలచని మనిషి. హెల్మెట్ చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి, "తమ్ముడూ, నీకేం పని వచ్చు?" అని అడిగాడు.

అప్పటిదాకా వచ్చినవాళ్లు అందరూ నీకేం కావాలి అని అడిగినవాళ్లే. ఈయన ప్రశ్న వేరేగా ఉంది. వేరేగా ఉండేసరికి నా అనుమానం ఇంకాస్త పెరిగింది.

"ఏదొస్తే మీకేంది సార్?" అన్నాను.

నా భార్య లోపలి నుంచి విని నెత్తి కొట్టుకుంటూ వచ్చి కుర్చీ వేసింది. "ఆయన మాట గట్లనే ఉంటది సార్, మీరేం అనుకోకుర్రి. పంక్చర్ల పని మస్తుగ జేస్తడు. ఊర్ల సైకిళ్లన్నీ ఈడికే వస్తయ్" అని నా గుట్టంతా ఒక్క నిమిషంలో విప్పేసింది.

ఆమె చెప్పింది నిజమే. పంక్చర్ పని నాకు ఎవరూ నేర్పలేదు, నా బండే నేర్పింది. దారిలో ట్యూబు పోతే అందరిలా నడిపించుకుంటూ పోయే వీలు నాకు లేదు. అక్కడే కూర్చుని వేసుకోవాలి, లేదంటే అక్కడే కూర్చోవాలి. అలా నేర్చుకున్నాను.

సారు ఒకసారి వచ్చి పోయే రకం కాదని తేలడానికి చాలాకాలం పట్టింది. భద్రాచలంలో తెలిసినవాళ్ల దుకాణంలో నన్ను పనికి కుదిర్చి ట్యూబ్‌లెస్ టైర్లు, ట్రాక్టర్ ముందు చక్రాలు, కంప్రెసర్ వాడకం అన్నీ నేర్పించాడు. ఆ తర్వాత ఒకరోజు కొత్త కంప్రెసర్ తెచ్చి మా వాకిట్లో దింపాడు. దింపుతూనే, దుకాణం సరిగ్గా నడవకపోయినా, ఏదైనా తేడా వచ్చినా మిషన్ వెనక్కి తీసుకుని అవసరమున్న ఇంకొకరికి ఇవ్వాలని వాళ్ల ఆఫీసు నియమం అన్నాడు. ఆ మాట ఒక్కటి నా మనసులో నాటుకుపోయింది. తెచ్చినరోజే తీసుకుపోయే సంగతి ఎందుకు చెప్తున్నాడు ఈ మనిషి అని రాత్రంతా గొణిగాను. నా భార్య "నువ్వు పండుకోవు, నన్ను పండనియ్యవు" అని దుప్పటి ముసుగు పెట్టుకుంది.

దుకాణానికి చోటు దొరికింది. అదీ అనుమానంగానే దొరికింది. బూర్గంపాడు నుంచి సారపాక వైపు పోయే రోడ్డు పక్కన ఒక మిర్చి రైతు తన చేలో మూల ఖాళీగా ఉందనీ, అక్కడ పెట్టుకోమనీ అన్నాడు. జామాయిల్ కర్ర లారీలు, కాగితం మిల్లుకు పోయే కాంట్రాక్టు కూలీల బండ్లు పొద్దస్తమానం తిరిగే రోడ్డు. ఎవరైనా కిరాయికిచ్చే చోటు. ఈయన ఊరికే ఇస్తానన్నాడు. వాళ్ల నాన్న కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న కుటుంబం. మంచి పలుకుబడి ఉన్న ఆసామి.

"అద్దె ఏమీ వద్దయ్యా. నీలాంటోడికి చేస్తే పుణ్యం కదా" అన్నాడు.

నీలాంటోడు అన్న మాట నాకు కాలింది. కానీ నా భార్య నా వీపు మీద వేలితో ఒక్క పోటు పొడిచింది. నోరు మూసుకున్నాను.

ఆయన ఎందుకు ఊరికే ఇచ్చాడో దుకాణం తెరిచిన రోజు తెలిసింది. రోడ్డు పక్కన మనిషి ఎత్తు ఫ్లెక్సీ కట్టారు. అందులో సగం ఆయనే. మెడలో గొలుసు కనిపించేలా నవ్వుతున్నాడు. కింద పెద్ద అక్షరాలతో స్థలదాత అని ఉంది. సారు మొహం తపాలా బిళ్లంత. కింద మూలన నేను. ఫొటో తీసేటప్పుడు చేతులు జోడించమన్నారు, జోడించను పొమ్మన్నాను. ఫ్లెక్సీ వేసినవాడు ఎవరివో జోడించిన చేతులు తెచ్చి నాకు అతికించాడు. అందులో ఒక చేతికి గడియారం కూడా ఉంది. నేను జన్మలో గడియారం పెట్టింది లేదు.

"బాగుందయ్యా, గడియారం పెట్టుకున్నవ్" అని నా భార్య ఆ రోజంతా నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

మొదట్లో బండి ఆపినవాళ్లు నన్ను దాటి దుకాణం లోపలికి చూసేవాళ్లు. కింద చెక్క పలక మీద కూర్చున్న నన్ను చూసి, "లోపల ఎవరన్న ఉన్నరా?" అని అడిగేవాళ్లు.

"లోపల గాలి ఉంది. కావాల్నా?" అనేవాణ్ని. "టైరు చేతుల్తోని ఇప్పుతరు గద, కాళ్లతోని ఇప్పుతరా?"

కొందరు నవ్వి బండి ఇచ్చేవాళ్లు, కొందరు మొహం ముడుచుకుని పోయేవాళ్లు. పోయినవాళ్లు సారపాక చౌరస్తాలో ఉన్న పాత పంక్చర్ దుకాణానికి పోయేవాళ్లు. ఆ దుకాణం అతను ఒకసారి పనిగట్టుకుని వచ్చి నా కంప్రెసర్ చుట్టూ తిరిగి, "బాగుంది, బాగుంది" అని పోయాడు. పోటీ దుకాణం బాగుందని ఎవడైనా అంటాడా? ఆ రోజు నుంచి అతని మీద ఒక కన్నేసి ఉంచాను. అయినా పని మెల్లగా పుంజుకుంది. కూలీల బండ్లు, ఆటోలు, ట్రాక్టర్లు అలవాటుపడ్డాయి. ఇంట్లో పొయ్యి నా చేతి పని మీద వెలుగుతోందంటే నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. పైకి మాత్రం చిరాకుగానే ఉండేవాణ్ని, అలవాటు కదా.

మిర్చి కల్లాల కాలం వచ్చింది. ఒక్కసారిగా పంక్చర్లు పెరిగాయి. మొదటి రోజుల్లో సంబరపడ్డాను. తర్వాత గమనించాను, ఏ టైరు విప్పినా అదే మేకు. చిటికెన వేలిలో సగం పొడవు, సన్నటిది, తల చిన్నది. బండి మారుతోంది, మనిషి మారుతున్నాడు, మేకు మాత్రం అదే.

నేను గమనించానంటే జనం గమనించరా? టీ దుకాణం దగ్గర మాటలు మొదలయ్యాయి. నా బండి చూడగానే ఆగిపోయేవి. ఒక ఆటో అతను టైరు ఇస్తూ ఇస్తూ, "ఏందన్నా, నువ్వు దుకాణం పెట్టినంక రోడ్డు మీద మేకులు మొలుస్తున్నయ్" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు నాకు ఎక్కడో గుచ్చుకుంది. మర్నాటి నుంచి అతను నా ముందే సగం గాలితో సారపాక దాకా పోయేవాడు గానీ ఆగేవాడు కాదు. "కుంటోడే గాని తెలివి మస్తు" అని ఎవరో అనడం నా చెవులతో నేనే విన్నాను.

నా అనుమానమంతా చౌరస్తా దుకాణం మీదే. నా పేరు చెడగొట్టడానికి వాడే చల్లిస్తున్నాడని తీర్మానించుకున్నాను. కానీ పట్టుకోవాలంటే పరుగెత్తాలి, నాకేమో కాళ్లు లేవు. ఇంకో ఉపాయం చేశాను. పాడైపోయిన సౌండ్ బాక్సు విప్పి స్పీకర్ వెనక ఉండే గుండ్రటి అయస్కాంతం తీశాను. తాడుతో నా బండి వెనక నేలకు తగిలీ తగలకుండా కట్టాను. తెల్లవారుజామున, ఇంకా లారీలు మొదలవ్వకముందే, రోడ్డు అంచు వెంట బండి నడుపుతూ పోయేవాణ్ని. చేతి పెడళ్ల బండి కదా, కాళ్లతో పనిలేదు. మేకులు టక్కుటక్కుమని అతుక్కునేవి. వాటిని తీసి ఒక పాత పెయింటు డబ్బాలో వేసి కౌంటర్ కింద దాచేవాణ్ని.

దాచడం ఎందుకు అంటే, చెప్తే ఎవడు నమ్ముతాడు? పంక్చర్ దుకాణంలో డబ్బా నిండా మేకులు. నేను చూసినా నమ్మను.

ఇంట్లో కూడా చెప్పలేదు. నవ్వుతుందని మొదట చెప్పలేదు. తర్వాత చెప్పకపోవడానికి ఇంకో కారణం వచ్చింది. ఒకరోజు అన్నం పెట్టి ఎదురుగా కూర్చుని, మెల్లగా అడిగింది.

"పొద్దుగాల మబ్బులనే బండేసుకుని యాడికి పోతున్నవ్?"

"గాలికి."

"నిజం జెప్పు. నేను ఎవలకు జెప్ప. నువ్వే ఏస్తున్నవా?"

ఊరంతా అంటే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఈమె అడిగింది. ఏరుతున్నానే పిచ్చిదానా, ఏరుతున్నాను అని ఒక్క మాట చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. నన్ను ఆ మాట అడుగుతావా అన్న కోపంతో కంచం పక్కకు నెట్టి పడుకున్నాను. ఆమె కూడా తినలేదు.

అంతా ఒక్కరోజే మీదపడింది. ఆసామి ట్రాక్టరు మిర్చి బస్తాలతో ఖమ్మం మార్కెట్‌కు బయలుదేరితే నా దుకాణానికి కాస్త దూరంలోనే దాని ముందు చక్రం గాలి పోయి కూర్చుండిపోయింది. అదే రోజు సారు దుకాణం చూడటానికి వచ్చి ఉన్నాడు. ఆసామి టైరులోంచి మేకు పీకించి, అరచేతిలో పెట్టుకుని రోడ్డు పొడుగునా మనుషుల్ని పోగేసుకుంటూ వచ్చాడు. చక్రం విప్పడానికి పానా కోసం ట్రాక్టర్ డ్రైవర్ నా కౌంటర్ కింద చెయ్యి పెట్టాడు. పెయింటు డబ్బా దొర్లి బయటపడింది. మేకులు అందరి కాళ్ల ముందూ పరుచుకున్నాయి.

అందరూ ఒకేసారి మాట్లాడారు.

"చూశారా సారూ, మీరు తెచ్చిపెట్టినోడి నిర్వాకం!" అని ఆసామి అరిచాడు. "నా చోట్లో కూర్చుని నా బండికే మేకు దించాడు. రేపటికల్లా ఈ దుకాణం నా చేలో ఉండటానికి వీల్లేదు."

"ఏసినవి గావయ్యా, ఏరినవి! రోజు పొద్దుగాల పోయి ఏరుతున్న!" అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది.

"ఏరినోడు దాసిపెడ్తడా?" అన్నారు గుంపులోంచి ఎవరో.

సారు వైపు చూశాను. ఆయన నా పక్కన గొంతుక్కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, ఎవరికీ వినపడకుండా, "తమ్ముడూ, నిజం చెప్పు. ఏదున్నా నేను చూసుకుంటా" అన్నాడు.

చూసుకుంటాడట! ఆసామి తిట్లు నాకు తగల్లేదు, ఈ మాట తగిలింది. చెయ్యి విదిలించేశాను. సారు లేచి, ముక్తసరిగా, రేపు ఆటో తీసుకుని వస్తాననీ, విషయం తేలేదాకా కంప్రెసర్ ఆఫీసులో పెట్టాల్సి ఉంటుందనీ చెప్పి హెల్మెట్ పెట్టుకున్నాడు. కంప్రెసర్ పోతే మళ్లీ నేను ఇంటి గుమ్మంలో కూర్చుని దండ వేసేవాళ్ల కోసం ఎదురుచూసేవాణ్నే. ఏడుపు వచ్చింది. ఏడిస్తే దొంగ ఏడుపు అంటారని ఆపుకున్నాను.

అందరూ పోయాక నా భార్య వచ్చి, నేల మీద కూర్చుని మేకులు ఏరి డబ్బాలో వేయడం మొదలుపెట్టింది. కొంచెంసేపటికి ఆగింది.

"ఇగో, దీనికేందో అంటుకుంది."

మేకు తల కింద చిన్న పేలిక. నిగనిగలాడే పూత, కింద సన్నటి దారాల అల్లిక. ఇంకో మేకు చూశాం, దానికీ ఉంది, ఎర్ర రంగు. ఇంకోదానికి పసుపు. చాలా మేకులు వంకరపోయి ఉన్నాయి, బలవంతంగా గుంజినట్టు. ఆ గుడ్డ నాకు తెలుసు. మా వంటింటి కప్పు మీద వానకు అడ్డంగా కప్పింది అదే. మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది.

ఫ్లెక్సీ!

మా దగ్గర మిర్చి కల్లాల్లో ఆరబెట్టినప్పుడు మబ్బు పట్టిందంటే రైతుల గుండె కల్లంలోనే ఉంటుంది. ఒక్క వాన చాలు, కాయ నల్లబడిపోతుంది. ఉన్న పట్టాలు చాలవు. రోడ్డు పక్కన కర్ర ఫ్రేములకు కొట్టిన ఫ్లెక్సీలన్నీ మబ్బు పట్టిన సాయంత్రం మాయమవుతాయి. నాయకులు, పెళ్లికొడుకులు, పుట్టినరోజు పిల్లలు అందరూ మిర్చి కుప్పల మీద పడుకుంటారు. దీన్ని ఎవరూ దొంగతనం అనుకోరు, నేనూ అనుకోలేదు. ఫ్లెక్సీ గుంజితే దాన్ని పట్టుకున్న మేకులు ఎటు పోతాయని మాత్రం ఒక్కడూ ఆలోచించలేదు. నేనైతే చౌరస్తా దుకాణం వాణ్ని అనుమానిస్తూ కూర్చున్నాను.

అప్పుడే ఇంకోటి తట్టి రోడ్డు వైపు చూశాను. నా దుకాణం ముందు ఫ్లెక్సీ లేదు. ఎప్పటి నుంచి లేదో, నా మొహాన్నే చూడలేక నేను అటు చూడటం మానేశాను కదా.

మర్నాడు పొద్దున్నే మబ్బు కమ్మింది. సారు ఆటోతో వచ్చాడు. "మిషన్ ఎక్కించుకోర్రి సార్. కానీ ముందు నాతోని కల్లం దాకా రార్రి" అన్నాను. నా భార్య బండి నెట్టింది, సారు పక్కన నడిచాడు. చేల గట్ల వెంట కుదుపులకు నా నడుం విరిగిపోయింది.

కల్లంలో ఆసామి, కూలీలు హడావిడిగా కుప్పలు కప్పుతున్నారు. రెండో కుప్ప మీద నేనున్నాను. గడియారం పెట్టుకుని, చేతులు జోడించి, ఎర్రటి కాయల మీద వెల్లకిలా పడుకుని ఆకాశానికి దండం పెడుతున్నాను. పక్కన స్థలదాత. కల్లం మూల విరిగిన కర్ర ఫ్రేముల పోగు, వాటికి ఇంకా అవే మేకులు.

వెంట తెచ్చిన మేకుల డబ్బా ముందు పెట్టాను. సారు ఫ్రేములోంచి ఒక మేకు పీకి డబ్బాలోని మేకు పక్కన పెట్టి చూశాడు. ఆసామి మొహంలో రంగు మారింది. నిన్న పానా కోసం వెతికి డబ్బా దొర్లించిన డ్రైవరే నోరు విప్పాడు. "అయ్యా, మబ్బొస్తుంది జల్దీ పట్టుకరార్రి అని మీరే అంటిరి గద. ట్రాక్టర్ మీదికెళ్లి గుంజుకుంట వచ్చినం. మేకులు యాడ పడ్డయో మాకేమెరుక?"

"పాత ఫ్లెక్సీలేగా! నేనొక్కణ్నేనా, అందరూ తెచ్చుకునేవే" అన్నాడు ఆసామి.

నోటికొచ్చినట్టు తిడదామని రాత్రంతా సిద్ధం చేసుకున్నాను. నోరు తెరిచేలోపే గాలి లేచింది, చినుకులు మొదలయ్యాయి. ఆసామి "ఆ మూల, ఆ మూల పట్టుకోండ్రా!" అని కేక వేశాడు. సారు ఒక కొస పట్టుకున్నాడు, నా భార్య ఒక కొస. మూడో కొస ఎగిరిపోతుంటే నేను బండి మీంచి జారి దాని మీద కూర్చున్నాను. తీరా చూస్తే నా మొహం మీద నేనే కూర్చున్నాను. ఏడాది పొడుగునా పండించిన కాయ. ఎవరిదైనా పంట పంటే కదా. కానీ తిట్లు మాత్రం మర్చిపోలేదు.

వాన ఎంతోసేపు లేదు. వెలిశాక ఆసామి తల తుడుచుకుంటూ, ఎటో చూస్తూ, "దుకాణం అక్కడే ఉండనీలే" అన్నాడు. తప్పయిపోయింది అన్న మాట ఆయన నోట రాలేదు, ఇక రాదు కూడా.

సారు నా దగ్గరకు వచ్చి, "నాకు ముందే తెలుసు తమ్ముడూ, నువ్వు అలాంటివాడివి కాదని" అన్నాడు.

"తెలిస్తే ఆటో ఎందుకు తెచ్చినవ్ సార్?"

ఆయన మొహం చిన్నబోయింది. పోయి ఆటోను వెనక్కి పంపేశాడు. పాపం అనిపించింది. కానీ ఆ మాట అనకపోతే నాకు ఆ రోజు అన్నం సహించేది కాదు.

తిరిగి వస్తుంటే తారు రోడ్డు తడిగా నల్లగా ఉంది. నా భార్య వెనక నుంచి నెడుతోంది. అయస్కాంతం ఇంకా బండికి వేలాడుతూనే ఉంది. చాలాసేపు బిగబట్టుకుని చివరికి అడిగేశాను.

"ఇప్పుడన్న నమ్ముతున్నవా?"

"నీ మీద నాకు కోపం ఎన్నడు లేకుండె."

"నేనడిగింది గది గాదు. నమ్ముతున్నవా?"

ఆమె ఒక గుంత తప్పించి బండిని పక్కకు తిప్పింది. తర్వాత అంది. "నువ్వే ఏస్తున్నవని తేలితే ఏం జెయ్యాల్నని మస్తు ఆలోచన జేసిన. తిండి గూడ సయించలే. ఏసినా గూడ నీతోనే ఉండాలె, తిట్టుకుంట అయినా ఉండాలె అనుకున్న. గట్ల అనుకున్నంకనే నాకు నిద్ర పట్టింది."

ఇన్నేళ్లలో నాకు ఎవరూ ఇంత మాట ఇవ్వలేదు. అంతలోనే ఒళ్లు మండింది కూడా. వెనక్కి తిరిగి చూశాను.

"అంటే నువ్వు నన్ను నమ్మలేదన్న మాటే గద!"

"ముందుకు జూడు" అంది ఆమె, బండిని ఇంకొంచెం గట్టిగా నెడుతూ. "మేకులుంటయ్."